పడవ పిల్లల జుట్టు తీయరాదు

నమోదు 88, పోటు

సముద్రం నీళ్ళల్లో ఉప్పు తీసే మిషను పొద్దున్నే మొరాయించింది. జల్లెడ విప్పి చూస్తే లోపల జెల్లీ చేపలు, చేటెడు. కడిగి బిగించాను. ఈ ఒడ్డు ఇంటి పిల్లల స్నానాలు ఆలస్యమయ్యాయి. నా నిర్లక్ష్యం అని రాసుకుంటే రాసుకోండి. మెకానిక్కుని పంపండి మహాప్రభో అని అడిగి అడిగి నా నోరు పడిపోయింది. ఈ నమోదులు మీరు చదివితే కదా. ఈ మిషను నాకెవరూ నేర్పలేదు. రెండుసార్లు పాడుచేసి నేర్చుకున్నాను.

తేవా రెండు ఇడ్లీలు తింది, చట్నీ ముట్టలేదు. తక్కిన పొద్దంతా కిటికీ దగ్గరే. పడవల దేశం నుంచి వచ్చిన పిల్లలు మొదట్లో అందరూ కిటికీ పట్టుకునే ఉంటారు గానీ ఈ పిల్ల మరీను. సముద్రం మీద ఏ తెరచాప కనబడినా లేచి నిలబడుతుంది. అది మన సరుకుల పడవేనని తేలాక కూర్చుంటుంది. మళ్ళీ లేస్తుంది. నాలుగైదేళ్ళుంటాయేమో. తుపాను వెళ్ళాక ఒక బల్లచెక్క మీద దొరికిందట. చెక్కని వదలమంటే వదల్లేదట.

దాని తల చూడలేం. నడుం దాటిన జుట్టు, ఉప్పుకి అట్టకట్టి తాళ్ళయిపోయింది. లోపల పేలు, వాటి కింద పుళ్ళు. గోక్కుని గోక్కుని చెవుల వెనక రసి కారుతోంది. పైకి రాస్తే వేప నూనె రాయమని జవాబొచ్చింది. రాస్తున్నాను. పేలకి వేప నూనె పడినట్టే ఉంది, బలిశాయి.

గుండు చేస్తే ఒక్క పూటలో తీరిపోయే బాధ. కానీ చేయకూడదు. గోడ మీద పలకలో పన్నెండో రూలు: "పడవ పిల్లల జుట్టు, దావా గడువు తీరేవరకు, ఏ కారణము చేతనైనను తీయరాదు." ఎందుకో రాసి ఉండదు. ఆ పలకలో ఏ రూలుకీ ఎందుకో రాసి ఉండదు. దత్తత కోరువారు మొదటి నెల పిల్లను తాకరాదు. ఉత్తర్వు వచ్చేవరకు కొత్త పేరుతో పిలవరాదు. పిల్ల ఏది తినునో వారును అదే తినవలెను. రాదు, రాదు, వలెను. ఈ రూలు రాసిన మనిషిని పేలు కుట్టలేదు. అంతే.

నమోదు 89, ఆటు

దావా అంటే ఏమిటో కొత్త ఆయాకి ఇవాళ చెప్పాల్సి వచ్చింది, ఇక్కడా రాస్తున్నాను. పడవల దేశంలో రక్తసంబంధం లెక్కలోకి రాదు. ఎవరు కన్నారని అడగరు, ఏ పడవ అని అడుగుతారు. ఒక పడవలో పెరిగితే ఒక ఇల్లు. ఆ పడవ మనిషి ఒక్కరు బతికుండి, గడువు లోపల వచ్చి ఇది మా పిల్ల అని రుజువు చేస్తే, దత్తత ఎంత దూరం వచ్చినా ఆగిపోతుంది. ఎవరూ రాకపోతే పిల్ల ఇక్కడి ఇంటికి వెళ్తుంది.

తేవా కోసం ఎదురుచూస్తున్న ఇల్లు వేదవల్లి గారిది, సోమలింగం గారిది. మూడో గట్టులో తేలే మడుల మీద వరి పండిస్తారు. ఆయన మాట తక్కువ మనిషి. ఆవిడ ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతుంది. పలకలో ఉన్నవన్నీ ఒక్కటి పొల్లుపోకుండా పాటించారు. మొదటి నెలంతా ఇక్కడి గాజు గదిలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పడవ పిల్లల చేపగంజి ఇంట్లో వండుకుంటున్నారు, చుట్టుపక్కల వాళ్ళు కంపు కంపని పోట్లాడుతున్నా.

ఇవాళ వేదవల్లి గారు నన్ను మిషను షెడ్డు దగ్గర పట్టుకుంది.

"రత్నం, అది గోక్కుంటంటే నా పేణం పోతందే."

"నేను మాత్రం సూడగలుగుతున్నానాండీ? నూనె రాయమన్నారు, రాస్తన్నాను."

"నాకో మొక్కుంది. బిడ్డ మా సేతికొస్తే తలనీలాలిత్తానని. ఆయనవీ, దానివీ. మా ఊరి అమ్మోరికి."

"మీ ఊరు మునిగిపోయింది కదండీ."

"ఊరు మునిగిందే. అమ్మోర్ని మోసుకొచ్చి గట్టుమీద ఎట్టుకున్నాం. ఊరికీ అమ్మోరికీ ఏటి సమ్మందం?"

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "గడువు ఇంక వారవే కదా. ఎవరొచ్చారు? ఎవరొత్తారు? ఆ వారం ఆ పుళ్ళతో ఉండాలా అది?" అంది.

మా తాత తలనీలాలు తీసేవాడు. ఆయన కత్తి నా పెట్టెలోనే ఉంది. ఆ సంగతి ఆవిడకి నేనే చెప్పాను. నన్నెవరూ అడగలేదు.

నమోదు 90, పోటు

తేవాకి గుండు చేశాను. నేనే చేశాను. దాచను.

షెడ్డు వెనక నీడలో పీట వేశాను. "ముందు నాది తియ్యమ్మా, దాని బయం పోద్ది" అన్నారు సోమలింగం గారు. ఆయనకి తీస్తుంటే పిల్ల దూరంగా నిలబడి చూసింది. వాళ్ళ భాష మనకీ మన భాష వాళ్ళకీ మార్చి చెప్పే నా చెవిబిళ్ళ తడవకూడదు కాబట్టి తీసి గట్టు మీద పెట్టాను. ఆయన గుండు తుడుచుకుంటూ లేస్తుంటే తేవా నడిచొచ్చింది. తనంతట తాను. ఆయన తల మీద అరచెయ్యి ఆనించి ఏదో అంది, మెల్లిగా, పాటలాగా. ఈ పిల్ల ఎవరినైనా ముట్టుకోవడం నేను చూడటం ఇదే మొదలు. వేదవల్లి గారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

తరవాత పిల్లని కూర్చోబెట్టాను. జడ చేతిలోకి తీసుకోగానే నావైపు ఒకసారి చూసింది. సముద్రంవైపు ఒకసారి చూసింది. తల వంచింది. మళ్ళీ కదిలితే ఒట్టు. పుళ్ళ మీద కత్తి ఆడుతున్నా కదల్లేదు. ఇంత బుద్ధిగా గుండు చేయించుకున్న పిల్లని మా తాత కూడా చూసుండడు.

వేదవల్లి గారు గంధం పూసింది. జుట్టంతా పసుపు గుడ్డలో మూట కట్టుకుంది. పిల్ల తన చేత్తో అమ్మవారికి ఇవ్వాలట, ఉత్తర్వు వచ్చాక. అందాకా ఇంట్లో ఉంచుతానంది.

పుళ్ళు కడిగి మందు వేశాను. పన్నెండో రూలు తప్పాను. సంతోషంగా తప్పాను. ఏం చేసుకుంటారో చేసుకోండి.

నమోదు 91, పోటు

అచ్యుతాంబ గారు ఒడ్డు ఇంటికి ఆఫీసరు. పొద్దున్న రౌండ్సుకొచ్చి పిల్ల తల చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవత్తె చేసిందిది?"

"నేనే మేడం. పేలు."

"చదువుకోలేదు సరే, చదవడం కూడా రాదా నీకు? గోడ మీద అంత లావు అక్షరాలు!"

"అక్షరాలొచ్చు మేడం. ఎందుకో రాయలేదక్కడ."

నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసి చెప్పింది. తాగిన నీళ్ళ గుర్తు జుట్టులో ఉండిపోతుందట. ఒక్కో రేవు నీళ్ళది ఒక్కో గుర్తు. జుట్టు పెరిగే కొద్దీ ఏ నెల ఏ రేవులో తాగారో వరసగా నిలిచిపోతుంది. ఒకే పడవలో తిరిగినవాళ్ళ జుట్లలో గుర్తులన్నీ ఒకే వరసలో ఉంటాయి. దావాకి వచ్చిన మనిషి జుట్టునీ పిల్ల జుట్టునీ పక్కపక్కన పెట్టి చూస్తారు. పడవల వాళ్ళకి అది తప్ప వేరే రుజువు లేదు.

"మరి ఆ ముక్క పలకలో రాయొచ్చు కదండీ?"

"రాస్తే దొంగ దావాల వాళ్ళు చదువుతారే. ముందే జుట్లు దొంగిలించి అతికించుకొస్తారు. పిల్లల్ని అమ్ముకునేవాళ్ళు లేరనుకున్నావా?"

రూలుకి కారణం ఉంది. నాకు చెప్పకపోవడానికీ కారణం ఉంది. అయినా నా కోపం తగ్గలేదు. పుళ్ళ తలతో పిల్లని కూర్చోబెట్టిన వాళ్ళది తప్పు కాదా?

"సర్లే," అంది ఆవిడే. "ఇన్నాళ్ళూ రానివాళ్ళు ఇప్పుడేం వస్తారు. చర్మవ్యాధి వల్ల తీసేశామని రాస్తాను. నువ్వు ఇంకెక్కడా వాగకు."

నమోదు 93, ఆటు

ఇవాళ గిన్నె పరీక్ష. చిన్న పిల్లల్ని "వీళ్ళింటికి వెళ్తావా" అని అడగకూడదు. పెద్దవాళ్ళకి నచ్చేది చెప్పేస్తారట. అందుకని గది మధ్యలో పిల్ల గిన్నె పెడతారు. కోరినవాళ్ళు ఒక మూల కూర్చుని తింటుంటారు. పిల్ల గిన్నె తీసుకుని తన చాప మీదికి వెళ్తే కాదని. వాళ్ళ పక్కకి వెళ్ళి కూర్చుంటే అవునని.

ఇంతకుముందు రెండుసార్లు తేవా గిన్నె తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. ఇవాళ గిన్నె పట్టుకుని తిన్నగా నడిచి సోమలింగం గారి మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చుంది. తన గిన్నెలో చేపముక్క తీసి ఆయన గిన్నెలో వేసింది. ఆయన ఆ ముక్క నోట్లో పెట్టుకోలేక, బయటికి తీయలేక, అలా ఉండిపోయారు.

సాక్షిగా నా వేలిముద్ర తీసుకున్నారు. పిల్ల ఎలా ఉంది అన్న గడిలో "కుదురుకుంది" అని రాశాను. నిజమే కదా. ఏడవదు. పెట్టింది తింటుంది. గుండు చేసిన రోజు నుంచి కిటికీ దగ్గరికి పోవడం మానేసింది. తెరచాప కనబడినా లేవదు. పుళ్ళు కూడా మానుతున్నాయి.

చూశారా అని అచ్యుతాంబ గారితో అన్నాను కూడా. "పేల బాధ పోయింది, పిల్ల మనిషైంది. మీ రూలు కంటే మా తాత కత్తే నయం."

నమోదు 96, పోటు

దావా వచ్చింది.

గడువు ఇంకా ఉండగానే వచ్చింది. సెఫా అని ఒక ఆడమనిషి, తేవా మా పడవ పిల్ల అంటోందట. పడవ తిరగబడినప్పుడు తమనందరినీ వేరే పడవవాళ్ళు ఎత్తుకున్నారట. అప్పట్నుంచి రేవు రేవునా పిల్లల ఇళ్ళన్నీ వెతుక్కుంటూ వస్తోందట.

అచ్యుతాంబ గారు నన్ను పిలిచి చెప్పింది. "జుట్టు దొరకదు అని రాశాను. రుజువు లేకపోతే దావా దానంతటదే పడిపోతుంది. నీ మీదికి ఏమీ రాదు, నా మీదికీ రాదు. ఆవిడది నిజమో అబద్ధమో మనకెలా తెలుస్తుంది? నువ్వు నోరు మూసుకుంటే ఆ ముగ్గురూ సుఖంగా ఉంటారు."

బయటికి వచ్చాక గుండె తేలికయింది. అది రాయకుండా ఉండలేను. మొదట తేలికయింది. పసుపు మూట సంగతి మేడంకి తెలియదు. నాకు తెలుసు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. మిషను దగ్గరికి వెళ్ళి శుభ్రంగా ఉన్న జల్లెడనే మళ్ళీ కడిగాను.

నమోదు 97, పోటు

నీళ్ళ పీపాలు దొర్లించడానికి గేటు తీస్తే ఆవిడ అక్కడే ఉంది. కంచె అవతల, ఎండలో. దావా తేలేదాకా లోపలికి రాకూడదు. ముప్పై ఏళ్ళుంటాయి, ముఖం మాత్రం ఉప్పు తిని అరవైలా ఉంది. జుట్టు మడమల దాకా. దాన్ని తాడులా పేని భుజం మీదుగా వేసి నడుముకు చుట్టుకుంది.

నా ఆప్రాన్ చూసి గుర్తుపట్టినట్టుంది. చెవిబిళ్ళ పెట్టుకున్నాను. ఆ బిళ్ళ ఎవరి మాటనైనా పైకి, అందరికీ వినబడేలా, ఒకే గొంతుతో చెబుతుంది, బాంకులో పిలిచే ఆడమనిషి గొంతు.

"లోపల పనిచేస్తావా? నేను దాన్ని చూడకూడదని చెప్పారు. ఒక్కటి అడుగుతాను. దాని జుట్టు ఎంత పెరిగింది?"

అబద్ధం ఆడొచ్చు. నోరు తెరిచాను కూడా.

"లేదమ్మా. పుళ్ళయ్యాయి. గుండు చేయాల్సొచ్చింది."

నా మాట ఆవిడ చెవికి చేరడానికి ఒక క్షణం పట్టింది. చేరగానే కంచె పట్టుకుని నావైపు చూసింది. కోపం కాదు. భయం.

"దాని ఎదుటే చేశారా? దానికి తెలిసేలా?"

"తెలీకుండా ఎలా చేస్తారమ్మా గుండు?"

అప్పుడు చెప్పింది. పడవల మీద జుట్టు ఎవరూ తీయరు. ఒకే ఒక్కప్పుడు తీస్తారు. పడవ మునిగి, అందులో వాళ్ళందరూ పోయి, ఒక్క పిల్లో ముసలో మిగిలితే, వాళ్ళకి ఆ సంగతి నోటితో చెప్పరు. చెప్పడానికి నోరు రాదు కదా. కూర్చోబెట్టి జుట్టు తీస్తారు. అంతే. ఇంక ఎవరూ రారు, ఎదురుచూడకు అని. గుండు ఉన్న ఇంకో మనిషి కనబడితే వెళ్ళి తల మీద చెయ్యి పెట్టి ఓదారుస్తారు. తన గిన్నెలోది వాళ్ళ గిన్నెలో వేస్తారు.

"ఇంకా కిటికీ దగ్గర నిలబడుతోందా?" అని అడిగింది.

పీపా చెయ్యి జారి దొర్లుకుంటూ పోయి నీళ్ళల్లో పడింది. నేను తీయలేదు.

నమోదు 97, ఆటు

ఇదీ రాస్తున్నాను.

ఇక్కడ పిల్లకి గుండు చేస్తే పండగ. గంధం పూసి, పాయసం పెట్టి, ఫోటో తీయించుకుంటారు. నాకు ఇంకో మాటే తట్టలేదు. నేను పేలు తీశాననుకున్నాను. మీవాళ్ళందరూ చచ్చిపోయారు అని చెప్పాను. నవ్వుతూ చెప్పాను. "అయిపోయిందమ్మా, అయిపోయింది" అని బుగ్గ కూడా గిల్లాను.

ఆ పిల్ల నాతో వాదించలేదు. సముద్రం వంక ఒకసారి చూసుకుని తల వంచింది. నేనేమో బుద్ధిమంతురాలు అన్నాను.

కుదురుకుంది అని వేలిముద్ర వేశాను.

నమోదు 98, పోటు

అచ్యుతాంబ గారి గదిలోకి వెళ్ళి జుట్టు ఉందని చెప్పాను. మూట ఎక్కడుందో చెప్పాను.

ఆవిడ నా వేలిముద్ర ఉన్న కాగితం బయటికి తీసింది. "గిన్నె పరీక్ష కూడా అయిపోయిందే. పిల్ల అవునంది," అంది.

"పిల్ల అవునన్లేదు మేడం. పరామర్శకెళ్ళింది."

"మూట వాళ్ళింట్లో ఉంది. వాళ్ళది. బలవంతంగా తెచ్చే అధికారం నాకు లేదు. వాళ్ళంతట వాళ్ళు ఇవ్వాలి. నువ్వెళ్ళి అడగ్గలవా ఆ మాట?"

"మరి పిల్లకి చెప్పొద్దా? వాళ్ళు బతికే ఉన్నారని? ఇప్పుడే, ఇవాళే?"

"రుజువు కాకుండా చెప్పకూడదు." ఎందుకని నేను అడిగేలోపే తనే చెప్పింది, ఈసారి. "ఒకసారి చెప్పారు, ఇంకో ఇంట్లో. ఆ వచ్చినామె దొంగ. పిల్లకి వాళ్ళ పడవ రెండోసారి మునిగింది."

పోయిన వారం అయితే రూలూ గీలూ అని తన్నేసి గాజు తలుపు తీసి సెఫాని లోపలికి తోసేదాన్ని. ఇవాళ ఆ తలుపు జోలికి పోలేదు. నేనేది సరే అనుకుని చేస్తానో దానికే నాకు భయం వేస్తోంది.

మూడో గట్టుకి వెళ్ళాను. ఇల్లంతా చేపగంజి వాసన. వేదవల్లి గారు గరిటె పట్టుకుని ఎదురొచ్చింది. "రుచి సూడవే, ఉప్పు వాళ్ళకి ఎక్కువేత్తారంటగా" అంది. గంజి రుచి చూడకుండా నిలబడే అంతా చెప్పాను.

గరిటె పొయ్యి పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. "ఎవత్తే గొరిగింది?"

"నేనేనండి."

"కత్తి ఉందని ఎవత్తె సెప్పింది?"

"నేనేనండి."

"ఇప్పుడు నీ పాపం కడుక్కోడానికి నా బిడ్డని అట్టుకుపోతావా?"

దానికి జవాబు ఉంది. అది నీ బిడ్డ కాదండి అని. లేదా, ఇదంతా పిల్ల కోసమండి అని. దారంతా అవే అనుకుంటూ వచ్చాను. అక్కడ నిలబడితే రెండూ అబద్ధంలాగే వినబడ్డాయి.

"అవునండి," అన్నాను.

"పో."

పోలేదు. "ఎవరూ అడగరు మిమ్మల్ని. మూట అమ్మోరికి ఇచ్చేశామంటే అయిపోద్ది. కానీ అది కిటికీ కాడికి పోట్లేదండి. మీరూ సూశారు కదా. ఏడవట్లేదని మీరూ సంబరపడ్డారు, నేనూ సంబరపడ్డాను."

"నాకు తెలుసే!" అని అరిచింది, మొదటిసారి. "ఏ పిల్లయినా ఒక్కసారన్నా ఏడుత్తాదని నాకు తెలవదా? తెలిసీ అడగలేదే నేను. అడిగితే ఇదిగో ఇలాంటి మాటే ఇనాల్సొత్తాదని అడగలేదు."

సోమలింగం గారు అరుగు మీద వల బాగుచేస్తూ కూర్చున్నారు. అన్నీ విన్నారు. తువ్వాలు తీసి గుండు నిమురుకున్నారు. నూగు వెంట్రుకలు వచ్చాయి.

"ఆ రోజు నా తలమీద సెయ్యేసింది సూడమ్మా. ఏదో అంది. ఏవనుంటాది?"

"మీ పడవ మునిగిపోయిందనుకుందండి. ఓదార్చింది. గిన్నెలో చేపముక్కేసిందీ అందుకే."

ఆయన తలూపారు. లేచి లోపలికి వెళ్ళి పసుపు మూట తెచ్చి నా చేతిలో పెట్టారు. వేదవల్లి గారు అటు తిరిగి నిలబడింది. గంజి పొంగి పొయ్యి ఆరిపోయింది, ఇద్దరిలో ఎవరూ దించలేదు.

నమోదు 103, ఆటు

జుట్లు కలిశాయి. మొదటి రేవు నుంచి చివరి రేవు దాకా.

అప్పగింత గాజు గదిలో జరిగింది. పిల్లని తీసుకురావలసింది దగ్గరి సంరక్షకురాలు అని రూలు. అంటే నేను. ఎందుకని అడిగాను. పిల్లకి తెలిసిన ముఖం ఒకటి ఉండాలి కదా అంది అచ్యుతాంబ గారు. తెలిసిన ముఖం.

సోమలింగం గారు వచ్చారు, రానక్కర్లేకపోయినా. మూలన నిలబడ్డారు. వేదవల్లి గారు రాలేదు.

సెఫా లోపలికి వచ్చింది. తేవా పరిగెత్తలేదు. చెయ్యి నా చేతిలోనే ఉంది, చల్లగా. మెల్లగా వదిలించుకుని వెళ్ళి సెఫా చుట్టూ తిరిగింది, వెనక వైపుకి. నడుముకు చుట్టిన ఆ జడ విప్పి, కింది కొస దాకా చేత్తో తడుముకుంటూ వచ్చింది. గుంజి చూసింది. మళ్ళీ గుంజింది. సెఫా కళ్ళు మూసుకుని నిలబడింది.

అప్పుడు తేవా తన గుండు తడుముకుంది. నావైపు తిరిగి ఏదో అడిగింది. చెవిబిళ్ళ ఆ బాంకు గొంతుతో చెప్పింది.

"మరి ఎవరు చచ్చిపోయారు?"

"ఎవరూ పోలేదమ్మా," అన్నాను. "పేలు. తల్లో పేలున్నాయని."

పిల్ల ఆలోచించింది. "పేలు చచ్చిపోయాయనా?"

"అవును."

నన్ను ఎగాదిగా చూసింది. ఇంతకంటే తెలివితక్కువ మనుషుల్ని చూసి ఉండదు. అరిచి ఉంటే, కొట్టి ఉంటే బాగుండేది. తల తిప్పి మూలనున్న సోమలింగం గారిని చూపించింది.

"ఆయనకి?"

నేను చెప్పేలోపే తేవా సెఫా చెయ్యి లాగి చెప్పింది, బిళ్ళ అందరికీ వినిపించింది. "ఆయన పడవ మునిగిపోయింది. మంచివాడు. గిన్నె తెచ్చుకోమను. మన దాంట్లో చోటుంది."

సెఫా ఆయన్ని చూసింది. వాళ్ళకిప్పుడు పడవ లేదు, ఉన్నది ఎవరిదో. అయినా సరేనన్నట్టు తల ఊపింది, ఆ వెర్రిది.

సోమలింగం గారు మోకాళ్ళ మీద కూర్చున్నారు, పిల్ల ఎత్తుకి. "మునిగిందమ్మా," అన్నారు. "పర్లేదు. నాకు ఈతొచ్చు."

బిళ్ళ ఆ మాట చేరవేసింది. తేవా ఆయన తల మీద చెయ్యి పెట్టింది. ఈసారి నూగు మీద అటూ ఇటూ రుద్ది, నవ్వింది. వెళ్ళిపోయింది. గేటు దాటాక, సెఫా భుజం మీదికి ఎక్కాక, మొదలుపెట్టింది ఏడుపు. రేవు దాకా వినబడుతూనే ఉంది. ఇన్నాళ్ళదీ.

నమోదు 110, పోటు

మిషను బాగానే ఉంది. మెకానిక్కు రాలేదు.

నాకేమీ కాలేదు. పన్నెండో రూలు తప్పినవాళ్ళకి ఏం శిక్షో పలకలో లేదు. చర్మవ్యాధి అని ముందే రాసి ఉంది కాబట్టి దాన్ని మార్చడం కుదరదంది అచ్యుతాంబ గారు. నన్ను తీసేయండి అన్నాను. పిల్లల్ని ఎవరు చూస్తారు అంది. పలకలో పన్నెండో దాని కింద సుద్దముక్కతో నేను రాశాను: "ఎందుకంటే అది చావు కబురు." నీళ్ళ గుర్తుల సంగతి రాయలేదు. రాయకూడదు, ఇప్పుడు తెలుసు. ఆవిడ చూసింది, తుడవలేదు.

వేదవల్లి గారు మూడో గట్టు బజారులో ఎదురైంది. పక్కకి తప్పుకుని పోయింది. మళ్ళీ దరఖాస్తు పెట్టుకోలేదట. ఆ వైపు ఇళ్ళల్లో చేపగంజి వాసన రావట్లేదని చెప్పారు.

ఇవాళ పోటుకి ఇద్దరు పిల్లలు దిగారు, అక్కాచెల్లెళ్ళలా ఉన్నారు. అదే ఉప్పు, అదే పుళ్ళు, అవే పేలు. వేప నూనె వెచ్చబెట్టి, సన్నపళ్ళ దువ్వెన తీసుకుని, ఒక్కో పాయా ఒక్కో పాయా విడదీసి దువ్వాలని గదిలోకి వెళ్ళాను. పొద్దంతా పడుతుంది. పట్టనీ.

పెద్దది నా ఆప్రాన్ చూసింది, నా చేతిలోకి చూసింది. చెల్లెల్ని వెనక్కి నెట్టేసి, రెండు చేతులతో తన జడ గట్టిగా పట్టుకుని గోడకి ఆనుకుపోయింది. పడవల మీద మాట తొందరగా పాకుతుంది.

దువ్వెన నేల మీద పెట్టాను. తలుపు దగ్గరే కూర్చున్నాను.